డీఎన్ఏ ప్రతికృతిని మొదలుపెట్టే ప్రోటీన్లు: ఒకే వంశమా, వేర్వేరు పుట్టుకలా?

సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో "డీఎన్ఏ ప్రతికృతి" అనే శీర్షిక కింద మనం సాధారణంగా మూడు ముక్కలు రాసుకుంటాం. అర్ధసంరక్షక పద్ధతి, డీఎన్ఏ పాలిమరేజ్ ఎంజైమ్, 1958 నాటి మెసెల్సన్-స్టాల్ ప్రయోగం. ప్రిలిమ్స్‌కు అవి చాలు. కానీ ఇదే అంశంలో చరిత్ర చదివేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. భూమి మీద ప్రతి కణజీవీ తన జన్యు సమాచారాన్ని డీఎన్ఏలోనే దాచుకుంటుంది. మరి ఆ డీఎన్ఏకు నకలు తీసే యంత్రాంగం జీవచరిత్రలో ఒక్కసారే పుట్టిందా, రెండుసార్లు పుట్టిందా?

ఈ ప్రశ్నకు సాక్ష్యాలు శిలాజాల్లో దొరకవు. మూడు వందల కోట్ల ఏళ్లకు మించిన సంగతికి మిగిలిన ఆధారాలు మన కణాల్లోని ప్రోటీన్లే. 1965లో ఎమిల్ జుకర్‌కాండ్ల్, లైనస్ పౌలింగ్ ఇదే మాట చెప్పారు: జీవాణువులు పరిణామ చరిత్రకు దస్తావేజులు. శాసనాలు, నాణేలు చదివి శాతవాహనుల కాలాన్ని నిర్ణయించినట్టే, ప్రోటీన్ల అమరిక చదివి జీవుల చుట్టరికాన్ని నిర్ణయించవచ్చు. ఈ వ్యాసంలో మనం చదవబోయే దస్తావేజు డీఎన్ఏ నకలును మొదలుపెట్టే ప్రోటీన్లు. వీటిని ఆరంభక ప్రోటీన్లు అందాం.

ఆరంభానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

కణం విభజన చెందే ముందు తన డీఎన్ఏ మొత్తానికి సరిగ్గా ఒక్క నకలు తీయాలి. తక్కువైతే పిల్లకణానికి జన్యువులు అందవు. ఎక్కువైతే క్రోమోజోములు అస్తవ్యస్తమవుతాయి. కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్న నిర్ణయమే ఇందులో కీలకం.

ఒక ఉదాహరణ చూడండి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా డీఎన్ఏలో సుమారు 46 లక్షల క్షార జతలు ఉన్నాయి. వాటికి నకలు తీయడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. కానీ పోషకాలు పుష్కలంగా ఉంటే ఆ బ్యాక్టీరియా 20 నిమిషాలకే రెండుగా చీలగలదు. ఇదెలా సాధ్యం? మొదటి నకలు పూర్తికాకముందే రెండోది మొదలవుతుంది. తల్లికణంలో మొదలైన పని మనవరాలి కణానికి అందుతుంది. అంటే కణం తన వేగాన్ని నకలు తీసే వేగంతో కన్నా, నకలు ఎప్పుడు మొదలుపెట్టాలనే నిర్ణయంతో సర్దుబాటు చేసుకుంటోంది. ఆ నిర్ణయాన్ని అమలు చేసేవి ఆరంభక ప్రోటీన్లు.

1963: ఊహ ముందు, ఆధారం తరువాత

1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ జంట మెలికను వివరించారు. ఆర్థర్ కోర్న్‌బర్గ్ డీఎన్ఏను నిర్మించే ఎంజైమును వేరుచేసి 1959లో నోబెల్ అందుకున్నాడు. అయినా ఒక లోటు మిగిలింది. ఆ ఎంజైమ్ పోగును పొడిగించగలదు కానీ, ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలియదు.

1963లో ఫ్రాన్స్వా జాకబ్, సిడ్నీ బ్రెనర్, ఫ్రాన్స్వా క్యూజాన్ కలిసి "రెప్లికాన్" అనే నమూనాను ప్రతిపాదించారు. డీఎన్ఏ మీద ఒక నిర్దిష్ట స్థానం ఉంటుంది, దాన్ని గుర్తుపట్టే ఒక ప్రోటీన్ ఉంటుంది, ఆ ప్రోటీన్ వచ్చి కూర్చుంటేనే నకలు మొదలవుతుంది అన్నారు. అప్పటికి అలాంటి ప్రోటీన్‌ను ఎవరూ చూడలేదు. అదే ఏడాది జాన్ కెయిర్న్స్ ఈ.కోలై క్రోమోజోము వలయాకారంలో ఉంటుందని, నకలు జరుగుతున్నప్పుడు అది ఎలా కనిపిస్తుందో ఛాయాచిత్రాలతో చూపాడు.

మన దేశానికి సంబంధించి ఇక్కడ ఇంకో 1963 గుర్తుపెట్టుకోండి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలితిరగగలదో చూపే పటాన్ని ప్రచురించారు. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాన్ని కనుగొన్న ప్రతిసారీ, అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నేటికీ "రామచంద్రన్ ప్లాట్" వాడతారు. ఈ కథ చివరి భాగంలో సాక్ష్యం ఇచ్చేవి ప్రోటీన్ నిర్మాణాలే కనుక ఈ పటం అవసరం మనకు మళ్లీ పడుతుంది.

బ్యాక్టీరియాలో దొరికిన తాళంచెవి

రెప్లికాన్ ఊహకు ఆధారం కోసం వెతికిన పద్ధతి తెలివైనది. మామూలు ఉష్ణోగ్రతలో బతికి, వేడి కాస్త పెరగగానే నకలు ఆగిపోయే ఉత్పరివర్తన బ్యాక్టీరియాలను 1960లలో మసామిచి కొహియామా జాకబ్ ప్రయోగశాలలో వేరుచేశాడు. వాటిలో కొన్ని విచిత్రంగా ప్రవర్తించాయి. అప్పటికే మొదలైన నకలును పూర్తిచేస్తాయి కానీ కొత్తది మొదలుపెట్టవు. ఆరంభానికి మాత్రమే అవసరమైన జన్యువు ఒకటి ఉందని దీనితో తేలింది. ఆ జన్యువుకూ, దాని ప్రోటీన్‌కూ "డీఎన్ఏ-ఏ" అన్న పేరు స్థిరపడింది.

1980లలో కోర్న్‌బర్గ్ బృందం ఈ పనిని పరీక్షనాళికలో చేసి చూపింది. ఈ.కోలై డీఎన్ఏలో 245 జతల పొడవున్న ఆరంభ స్థానం ఉంది. అందులో తొమ్మిదేసి అక్షరాల చిన్న సంకేతాలు పలుచోట్ల ఉంటాయి. డీఎన్ఏ-ఏ ప్రోటీన్లు వాటి మీద వాలి, ఒకదానికొకటి అతుక్కుని, పక్కనున్న భాగంలో రెండు పోగులను విడదీస్తాయి. ఆ సందులోకి పోగులను విప్పుతూ పోయే హెలికేజ్ ఎంజైమ్ ఎక్కుతుంది. ఆ తరువాతే పాలిమరేజ్ రంగంలోకి దిగుతుంది.

డీఎన్ఏ-ఏ ఈ పని చేయాలంటే ఏటీపీ అణువును పట్టుకుని ఉండాలని 1987లో ఆ బృందమే తేల్చింది. పని మొదలయ్యాక ఏటీపీ విచ్ఛిన్నమై ఏడీపీగా మారుతుంది. అప్పుడు ఆ ప్రోటీన్ చురుకుదనం తగ్గి, వెంటనే రెండోసారి ఆరంభం జరగకుండా అడ్డు పడుతుంది. ఏటీపీ ఇక్కడ ఇంధనంగా కన్నా మీటగా పనిచేస్తోందని గమనించండి.

ఏటీపీ ప్రస్తావన వచ్చింది కనుక మనవాడిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని కనుగొన్నాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. "భారతీయుల శాస్త్రీయ విజయాలు" అన్న సిలబస్ అంశానికి ఈ లింకును రాసుకోండి.

ఈస్ట్‌లో మరో తాళంచెవి

మనుషులు, మొక్కలు, ఈస్ట్ వంటి నిజకేంద్రక జీవుల్లో వ్యవహారం పెద్దది. మన జీనోమ్‌లో సుమారు 300 కోట్ల జతలు ఉన్నాయి. ఒక్కచోట మొదలుపెడితే పని ఎప్పటికీ తెమలదు కాబట్టి వేల చోట్ల నకలు మొదలవుతుంది. 1979లో ఈస్ట్‌లో అలాంటి ఆరంభ స్థానాలుగా పనిచేసే డీఎన్ఏ ముక్కలను గుర్తించారు. 1992లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో స్టీఫెన్ బెల్, బ్రూస్ స్టిల్‌మన్ ఆ ముక్కలను పట్టుకునే ప్రోటీన్ల సముదాయాన్ని కనుగొన్నారు. దాని పేరు "ఓర్క్". ఇందులో ఆరు ప్రోటీన్లు ఉంటాయి. సీడీసీ-6 అనే మరో ప్రోటీన్ తోడుగా వచ్చి, ఎంసీఎం అనే హెలికేజ్‌ను డీఎన్ఏ మీదికి ఎక్కిస్తుంది.

పైకి చూస్తే రెండు వ్యవస్థలదీ ఒకటే పని. స్థానాన్ని గుర్తించడం, హెలికేజ్‌ను ఎక్కించడం. కానీ వివరాల్లోకి వెళితే తేడాలు బయటపడతాయి. బ్యాక్టీరియాలో ముందు పోగులు విడిపోతాయి, తరువాత ఒంటి పోగు చుట్టూ హెలికేజ్ ఎక్కుతుంది. ఈస్ట్‌లో ఇంకా విడిపోని జంట పోగు చుట్టూనే ఎంసీఎం ఎక్కి, తన వంతు వచ్చేదాకా నిద్రాణంగా ఉంటుంది. ఒకటి అయిదు నుంచి మూడు దిశలో కదులుతుంది, రెండోది మూడు నుంచి అయిదు దిశలో. బ్యాక్టీరియా ఆరంభ సంకేతానికి స్పష్టమైన అక్షరాలున్నాయి. మనిషిలో అలాంటి స్థిరమైన అక్షరక్రమం లేదు.

మరి ఇవి చుట్టాలా, కాదా? పదో తరగతిలో చదివిన రెండు మాటలు గుర్తుచేసుకోండి. మనిషి చెయ్యి, తిమింగలం తెడ్డు నిర్మాణసామ్య అవయవాలు. పని వేరైనా పూర్వీకుడు ఒకటే. పక్షి రెక్క, కీటకం రెక్క క్రియాసామ్య అవయవాలు. పని ఒకటే, పుట్టుక వేరు. డీఎన్ఏ-ఏ, ఓర్క్ ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాయి?

మూడో సాక్షి వచ్చింది

1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్ఎన్ఏను పోల్చి, బ్యాక్టీరియాలా కనిపించే జీవుల్లో ఒక వర్గం నిజానికి వేరే వంశమని చూపారు. అవే ఆర్కియా. వేడినీటి బుగ్గల్లో, ఉప్పు మడుల్లో, పశువుల కడుపుల్లో ఉండే సూక్ష్మజీవులు ఇందులో ఉన్నాయి. 1990 నాటికి జీవులను బ్యాక్టీరియా, ఆర్కియా, నిజకేంద్రక జీవులు అనే మూడు సామ్రాజ్యాలుగా వర్గీకరించే పద్ధతి ముందుకు వచ్చింది.

1995లో మొదటి బ్యాక్టీరియా జీనోమ్, 1996లో మొదటి ఆర్కియా జీనోమ్, అదే ఏడాది ఈస్ట్ జీనోమ్ పూర్తిగా చదవగలిగారు. మూడు వంశాల దస్తావేజులు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం చరిత్రలో అదే మొదటిసారి. ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. ప్రోటీన్ల తయారీకి కావలసిన రైబోజోమ్ భాగాలు మూడింటిలోనూ స్పష్టంగా ఒకే కుటుంబానివి. డీఎన్ఏ ప్రతికృతి విషయంలో మాత్రం ఆర్కియా వరుస తప్పింది. ఆకారంలో బ్యాక్టీరియాను పోలిన ఈ జీవుల్లో నకలు తీసే పరికరాలు ఈస్ట్, మనిషి పరికరాలకు దగ్గరగా ఉన్నాయి. ఎంసీఎం అక్కడ ఉంది. చాలా ఆర్కియాలలో ఓర్క్-1, సీడీసీ-6 రెండింటినీ పోలిన ఆరంభక ప్రోటీన్ ఉంది. 1997లో డేవిడ్ ఎడ్జెల్, ఫోర్డ్ డూలిటిల్ ఈ చిక్కును ఒక వ్యాసంలో స్పష్టంగా ముందుకు తెచ్చారు.

ఇంకో మెలిక చూడండి. 2000లో పైరోకాకస్ అబిసి అనే ఆర్కియాలో నకలు ఒక్కచోటే మొదలవుతుందని తేలింది. అంటే పద్ధతి బ్యాక్టీరియాది, పరికరాలు నిజకేంద్రక జీవులవి. 2004లో సల్ఫోలోబస్ అనే మరో ఆర్కియాలో ఒకే క్రోమోజోము మీద మూడు ఆరంభ స్థానాలు కనిపించాయి.

1999: ఒకే ఏడాది, రెండు నిర్ణయాలు

1999లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న డెట్లెఫ్ లైపె, భారత సంతతికి చెందిన ఎల్.అరవింద్, యూజీన్ కూనిన్ సూటిగా అడిగారు: డీఎన్ఏ ప్రతికృతి రెండుసార్లు విడివిడిగా పుట్టిందా? వాళ్ల వాదన ఇది. నకలు తీసే ప్రధాన పాలిమరేజ్ బ్యాక్టీరియాలో ఒక కుటుంబానిది, ఆర్కియా, నిజకేంద్రక జీవుల్లో వేరే కుటుంబాలది. ప్రధాన హెలికేజ్ కూడా అంతే. ఆరంభపు ముక్కను వేసే ప్రైమేజ్ కూడా అంతే. కీలకమైన మూడు పరికరాలూ వేరైనప్పుడు, అన్ని జీవుల ఉమ్మడి పూర్వీకుడైన "లూకా"లో నేటి తరహా డీఎన్ఏ ప్రతికృతి ఉండకపోవచ్చు. దానిలో జన్యుపదార్థం ఆర్ఎన్ఏ, డీఎన్ఏల మధ్య మారుతూ ఉండి ఉంటుంది. ఆధునిక యంత్రాంగం ఆ తరువాత రెండు వంశాల్లో రెండుసార్లు రూపుదిద్దుకుంది.

అదే ఏడాది ఆండ్రూ న్యూవాల్డ్‌తో కలిసి అరవింద్, కూనిన్ పాల్గొన్న మరో పత్రం వచ్చింది. ఏటీపీని పట్టుకునే ప్రోటీన్లలో ఒక చిన్న అమైనో ఆమ్లాల వరుస పదేపదే కనిపిస్తుందని 1982లోనే జాన్ వాకర్ బృందం గుర్తించింది. ఆ ఆనవాలు పట్టుకుని వెతికితే "ట్రిపుల్-ఏ ప్లస్" అనే పెద్ద కుటుంబం బయటపడింది. బ్యాక్టీరియా డీఎన్ఏ-ఏ ఆ కుటుంబంలో ఉంది. ఓర్క్-1, సీడీసీ-6 కూడా అందులోనే ఉన్నాయి.

యంత్రాంగం మొత్తం చూస్తే రెండు వేర్వేరు పుట్టుకలు. మొదలుపెట్టే ప్రోటీన్ నడుము భాగం చూస్తే ఒకే కుటుంబం. రెండూ ఎలా నిజమవుతాయి?

మనకు తెలిసిన పోలికతో ఇది తేలికగా అర్థమవుతుంది. తెలుగు లిపి, దేవనాగరి లిపి రెండూ బ్రాహ్మీ లిపి నుంచి వచ్చినవే. అందువల్ల తెలుగు, హిందీ ఒకే భాషా కుటుంబం అంటే తప్పు రాసినట్టే. తెలుగు ద్రావిడ భాష, హిందీ ఇండో-ఆర్య భాష. అలాగే తెలుగులో సంస్కృత పదాలు వేలకొద్దీ ఉన్నాయని చూసి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని అప్పటి పండితులు కొందరు భావించారు. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికా వ్యాఖ్యలో, ధాతువులను, వ్యాకరణాన్ని పోల్చి తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానివని నిరూపించాడు. కన్ను, కణ్, కణ్ణు వంటి మాటలు అప్పు తెచ్చుకున్నవి కావు, వారసత్వంగా వచ్చినవి. లిపికి ఒక వంశం, పదజాలానికి ఒక వంశం, వ్యాకరణానికి ఒక వంశం ఉండవచ్చు. ఒకదాని చుట్టరికంతో అన్నింటినీ తేల్చకూడదు. నకలు యంత్రాంగంలో ప్రతి భాగానికీ తనదైన వంశవృక్షం ఉంది. ఈ వ్యాసంలో మీరు పట్టుకోవలసిన అసలు విషయం ఇదే.

నిర్మాణాలు చెప్పిన సాక్ష్యం

అక్షరక్రమం పోలిక బలహీనమైనప్పుడు త్రిమితీయ ఆకారం ఆదుకుంటుంది. అక్షరాలు మారిపోయినా మడత చాలాకాలం నిలిచి ఉంటుంది. 2000లో జేమ్స్ బెర్జర్ బృందం ఒక ఆర్కియా సీడీసీ-6 నిర్మాణాన్ని, 2002లో ఆక్విఫెక్స్ అనే వేడినీటి బ్యాక్టీరియా డీఎన్ఏ-ఏ నిర్మాణాన్ని ప్రచురించింది. రెండింటినీ పోల్చితే ట్రిపుల్-ఏ ప్లస్ భాగం ఒకే తీరున ఉంది. పైగా ఆ కుటుంబంలోని ఇతర ప్రోటీన్లలో లేని ఒక అదనపు మెలిక ఈ రెండింటిలోనూ ఒకే చోట ఉంది. ఆరంభక ప్రోటీన్లకు ప్రత్యేకమైన ఆ మెలిక, బ్యాక్టీరియాలో హెలికేజ్‌ను ఎక్కించే డీఎన్ఏ-సీ అనే సహాయక ప్రోటీన్‌లో కూడా ఉంది. అనుకోకుండా పోలికలు కుదిరాయనడం ఇక కష్టం.

తేడాలు కూడా అంతే స్పష్టం. డీఎన్ఏను పట్టుకునే తోక భాగం రెండింటిలో వేర్వేరు రూపాల్లో ఉంది. డీఎన్ఏ-ఏ ప్రోటీన్లు ఏటీపీ పట్టుకుని మెట్ల వరుసలా మెలితిరిగి పేరుకుంటాయని 2006లో చూపారు. నిజకేంద్రక జీవుల్లో అదే మూల ప్రోటీన్ జన్యు ద్విగుణీకరణ ద్వారా పలు నకళ్లుగా పెరిగి, ఓర్క్-1 నుంచి ఓర్క్-5 వరకూ విడివిడి పాత్రలు తీసుకుంది. ఓర్క్-6 మాత్రం ఈ కుటుంబానిది కాదు. దాని పోలికలు జన్యు అనులేఖనంలో పాల్గొనే ఒక ప్రోటీన్‌తో ఉన్నాయి. ఉమ్మడి కుటుంబంలోకి వచ్చిన అల్లుడి లాంటిది అనుకోండి.

ఇలాంటి ఉమ్మడి భాగాలు ఇంకా ఉన్నాయి. పాలిమరేజ్ జారిపోకుండా డీఎన్ఏ చుట్టూ కడియంలా ఉండే బిగింపు ప్రోటీన్ బ్యాక్టీరియాలో రెండు ముక్కలతో, మనలో మూడు ముక్కలతో ఏర్పడుతుంది. భారత సంతతి శాస్త్రవేత్త జాన్ కురియన్ బృందం 1990లలో ఈ నిర్మాణాలను చూపింది. ముక్కల లెక్క వేరైనా కడియం ఆకారం దాదాపు ఒకటే.

మూడు వాదనలు, వాటి బలాబలాలు

మొదటిది, రెండుసార్లు పుట్టిందనే వాదన. పాలిమరేజ్, హెలికేజ్, ప్రైమేజ్ వేరవడాన్ని ఇది బాగా వివరిస్తుంది. కానీ ఆరంభక ప్రోటీన్, కడియం ఒకే కుటుంబానివి కావడాన్ని వివరించాలంటే, లూకాలో అవి వేరే ఏదో పనికో, ఆర్ఎన్ఏ-డీఎన్ఏ మిశ్రమ పద్ధతికో ఉపయోగపడేవని అనుకోవాలి.

రెండోది, ఒకసారి పుట్టి తరువాత భాగాలు మారాయనే వాదన. 1999లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాట్రిక్ ఫోర్టెర్ దీన్ని ముందుకు తెచ్చాడు. వైరస్‌లకు, ప్లాస్మిడ్‌లకు సొంత నకలు పరికరాలు ఉంటాయి. ఎస్వీ-40 వైరస్‌లోని టీ-యాంటిజెన్ ఒక్కటే ఆరంభ స్థానాన్ని గుర్తించి, పోగులను కూడా విప్పగలదు. ఇలాంటి పరికరాలు ఒక వంశంలోని పాతవాటి స్థానాన్ని ఆక్రమించి ఉండవచ్చు. పాత ఇంటికి తలుపులు మార్చినట్టు, పునాది అలాగే ఉంటుంది. కణం బతకడానికి అంత ముఖ్యమైన భాగం ఎలా మారుతుందన్న సందేహానికి 2013లో ఒక జవాబు దొరికింది. హాలోఫెరాక్స్ అనే ఉప్పునీటి ఆర్కియాలో ఆరంభ స్థానాలన్నీ తొలగించినా అది చావలేదు సరికదా, ఇంకా వేగంగా పెరిగింది. నకలు ప్రారంభానికి అది వేరే దారి, డీఎన్ఏ పునఃసంయోజన దారి వాడుకుంది. ప్రకృతిలో ప్రత్యామ్నాయం ఉన్నచోట భర్తీకి వీలుంటుంది.

మూడోది, అన్నీ ఒకే చోట పుట్టి గుర్తుపట్టలేనంతగా మారాయనే వాదన. కడియం విషయంలో ఇది సరిపోతుంది. పాలిమరేజ్‌ల విషయంలో సరిపోదు, ఎందుకంటే వాటి మూల మడతలే వేరు.

కొత్త ఆధారం మరోవైపు నుంచి వచ్చింది. చాలా ఆర్కియాలలో పాలిమరేజ్-డీ అనే ఎంజైమ్ ఉంది. 2016లో పారిస్ పాశ్చర్ సంస్థ బృందం దాని నిర్మాణం చూపినప్పుడు, అది అన్ని జీవుల్లో ఉండే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ను పోలి ఉందని తేలింది. దీని ఆధారంగా 2020లో కూనిన్, మార్ట్ క్రుపోవిచ్, జపాన్‌కు చెందిన ఇషినోలు లూకాలో పాలిమరేజ్-డీ వంటి ఎంజైముతో నడిచే డీఎన్ఏ ప్రతికృతి ఉండి ఉంటుందని, బ్యాక్టీరియా వంశంలో అది తరువాత మారిపోయిందని ప్రతిపాదించారు. 1999లో రెండుసార్లు పుట్టిందని వాదించిన బృందంలోని కూనినే, ఆధారం మారాక ఒకే మూలం వైపు మొగ్గాడు. శాస్త్రీయ దృక్పథానికి ఉదాహరణ అడిగితే ఇంతకంటే మంచిది వెతకనక్కరలేదు.

ఇప్పుడు మనం చెప్పగలిగింది ఇది. ఆరంభక ప్రోటీన్ల నడుము భాగం బ్యాక్టీరియా, ఆర్కియా వంశాలు విడిపోకముందే ఉంది. ఆర్కియా, నిజకేంద్రక జీవుల ఆరంభకాలు దగ్గరి చుట్టాలు. బ్యాక్టీరియా డీఎన్ఏ-ఏ దూరపు చుట్టం. ఆ పూర్వ ప్రోటీన్ సరిగ్గా నేటి పనే చేసేదా అన్నది మాత్రం నిర్మాణ పోలిక ఒక్కదానితో తేలదు.

మనకెందుకు?

మొదటి కారణం ఆరోగ్యం. మన యంత్రాంగం, బ్యాక్టీరియా యంత్రాంగం దూరపు చుట్టాలు కావడం వల్లే వాటిని దెబ్బతీసి మనను వదిలేసే మందులు సాధ్యమవుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి క్వినోలోన్ మందులు ప్రతికృతికి అవసరమైన బ్యాక్టీరియా గైరేజ్ ఎంజైమును లక్ష్యం చేసుకుంటాయి. యాంటీబయాటిక్ నిరోధకత మీద 2017లో మన దేశం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. కొత్త లక్ష్యాల వేటలో డీఎన్ఏ-ఏ వంటి ప్రోటీన్లు పరిశోధనలో ఉన్నాయి. ఇటు మనుషుల్లో ఓర్క్-1, ఓర్క్-4, ఓర్క్-6, సీడీసీ-6 వంటి జన్యువుల్లో లోపాలు మైయర్-గోర్లిన్ సిండ్రోమ్ అనే అరుదైన ఎదుగుదల లోపానికి కారణమని 2011లో తెలిసింది. ఈస్ట్‌లో మొదలైన వెతుకులాట, పొట్టిగా ఉండిపోయిన పిల్లల రోగనిర్ధారణ దాకా వచ్చింది.

రెండో కారణం చదువు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాల భారం తగ్గించే పనిలో పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవపరిణామ భాగాన్ని తొలగించింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులు దాన్ని పునరుద్ధరించాలని బహిరంగ లేఖ రాశారు. కోవిడ్ తరువాత విద్యార్థుల మీద భారం తగ్గించామని, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందని అధికార వర్గాలు చెప్పాయి. రెండు వైపులా రాయండి. కానీ పదో తరగతి తరువాత జీవశాస్త్రం చదవని విద్యార్థే ఎక్కువ అన్న సంగతి కూడా తూకంలో వేయండి. 1976లో 42వ సవరణతో చేరిన 51-ఏ (హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను ప్రతి పౌరుడి ప్రాథమిక విధిగా చెప్పింది. మన సొంత కణాల్లో ఉన్న దస్తావేజులను చదవడం నేర్పకుండా ఆ విధిని నెరవేర్చమనడం కష్టం.

మెయిన్స్‌లో ఎలా రాయాలి?

జవాబులో సంవత్సరాల జాబితా ఇవ్వకండి. 1963 ఊహ, 1992 నాటి రెండో వ్యవస్థ, 1999 చిక్కు, 2020 సవరణ, ఈ నాలుగు మెట్లు చాలు. ప్రతి మెట్టు దగ్గర ఏ ఆధారం అభిప్రాయాన్ని మార్చిందో ఒక వాక్యంలో చెప్పండి. బ్రాహ్మీ లిపి పోలికను వాడితే, జీవశాస్త్రం చదవని పరీక్షకుడికీ విషయం అందుతుంది.

సాధనకు మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. రాసి చూడండి.

1. నిర్మాణసామ్యం, క్రియాసామ్యం మధ్య తేడాను డీఎన్ఏ ఆరంభక ప్రోటీన్ల ఉదాహరణతో వివరించండి. (150 పదాలు)

2. "ఒక వ్యవస్థలోని భాగాలకు ఒకే చరిత్ర ఉండనక్కరలేదు." భాషా చరిత్ర, జీవపరిణామం రెండింటి నుంచి ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)

3. పాఠశాల స్థాయిలో జీవపరిణామ బోధనకూ, రాజ్యాంగం చెప్పిన శాస్త్రీయ దృక్పథానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించండి. (250 పదాలు)

మూడో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు అభిప్రాయం కన్నా ముందు ఆధారం పెట్టండి. పరీక్షలో మార్కులకూ అదే దారి, రేపు ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడూ అదే దారి.